సగం దారిలో తిరిగిన పల్లకి

పెరట్లో నూతి గిలక కిర్రుమంటోంది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. చెయ్యి అలవాటుగా తలగడ కింద ఫోను కోసం తడుముతుంది. ఉండదు. రాత్రే వదిన నా ఫోనూ తన ఫోనూ కలిపి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించేసింది. తడిసిన ఫోను బియ్యంలో పెడితే నెమ్ము లాగేస్తుందంటారుగా, వీటిలో ఉన్న నస కూడా లాగుతుందేమో చూద్దామంది.

"లేచేరా అమ్మా? పోలిని పంపేసే వేళైందండి, లేవండి" అంటోంది గుమ్మంలోంచి పెద్దమ్మగారు. వదినకి పెద్దమ్మ కాబట్టి నాకూ పెద్దమ్మగారే. డెబ్భై దాటాయి. మేం వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ కూర్చోవడం నేను చూడలేదు.

మార్గశిర శుద్ధ పాడ్యమి ఇవాళ. నెల్లాళ్ళూ కార్తీకస్నానాలు చెయ్యలేకపోయినవాళ్ళకి ఈ ఒక్క తెల్లవారుజామే ఆఖరి బస్సు. ఆ ఆఖరి బస్సు అందుకోవడానికే మేమిద్దరం పి.గన్నవరం వచ్చాం.

అసలు బస్సు సంగతీ చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి పల్లెవెలుగుల్లోనూ ఎక్స్‌ప్రెస్సుల్లోనూ ఛార్జీ లేదు కదా. రాజమండ్రిలో ఎక్కి ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. వదిన దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ఎందుకొదినా అంటే, "పెళ్ళిళ్ళకెక్కేను, పురుళ్ళకెక్కేను, చావులకెక్కేను. నాకోసం నేను బస్సెక్కడం ఇదే అమ్మాయ్" అంది. నవ్వుతూనే అంది. నేనే కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. రావులపాలెం దాటాక చూడ్డానికి కొబ్బరిచెట్లకి లోటు లేదు.

అంబాజీపేటలో కొబ్బరికాయల రాశుల దగ్గర దిగి ఆటో ఎక్కి, మధ్యాహ్నానికల్లా ఈ పెంకుటింట్లో పడ్డాం. ఆ తరవాత ఏం చేశామంటే ఏమీ చెయ్యలేదు. పట్టణాల్లో దీన్ని రిట్రీట్ అంటున్నారు, వేలకి వేలు తీసుకుంటున్నారు, మౌనంగా కూర్చోవడానికి గంట కొట్టి పిలుస్తారట. ఇక్కడ గంట లేదు. అరుగు మీద చాప ఉంది. పెద్దమ్మగారు కంద బచ్చలి ఆవ పెట్టి చేసింది. పీట వేసి, విస్తరి వేసి, నెయ్యి వడ్డించి, "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ ఎదురుగా నిలబడింది. రేపటికి ఏం కూర అని ఎవరూ నన్ను అడగలేదు. పాతికేళ్ళుగా ఆ ప్రశ్న రోజుకి రెండుసార్లు వింటున్నదాన్ని. అది వినపడకపోతే చెవుల్లో ఎంత చోటు మిగులుతుందో నిన్ననే తెలిసింది. కొబ్బరాకు గాలికి ఆడితే వాన మొదలైందనుకుని రెండుసార్లు ఆకాశం చూశాను.

సాయంత్రం ఆవిడ కుండలో ఉడకబెట్టిన తేగల కట్ట తెచ్చింది. తేగ తినడం తెలియనివాళ్ళు కొరుకుతారు. అలా కాదు. పైపొర ఒలిచి, మొన దగ్గర గోటితో గాటు పెట్టి నిలువునా రెండుగా చీల్చాలి. పీచు అంచుల వెంట పోతుంది. మధ్యలో సన్నగా, పాలిపోయిన పసుపురంగులో, ఇంకా ఆకు కాని ఆకు ఒకటి నిద్రపోతూ ఉంటుంది. దాన్ని చందమామ అంటాం. చిన్నప్పుడు ఆ చందమామ కోసం అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్ళం, ఎప్పుడూ వాడికే దక్కేది. నిన్న అమావాస్య రాత్రి అరుగు మీద కూర్చుని మూడు చందమామలు నేనొక్కదాన్నే తిన్నాను.

ఇప్పుడు రేవుకి నడుస్తున్నాం. టార్చిలైటు పెద్దమ్మగారి చేతిలో ఉంది గానీ ఆవిడ వెయ్యదు. దారి పాదాలకి తెలుసంటుంది. కాలువగట్టు మట్టి చల్లగా, మెత్తగా తగులుతోంది. కోతకొచ్చిన వరి వాసన, దానితో కలిసి ఎక్కడో తడిసిన కొబ్బరిపీచు వాసన. మంచు కనపడదు గానీ చీర కుచ్చెళ్ళు బరువెక్కుతున్నాయి. ముందు వెళ్ళే ఆడవాళ్ళ గాజులచప్పుడును బట్టి మలుపు ఎక్కడుందో తెలుస్తోంది.

రేవు మెట్ల మీద పాతికమంది దాకా ఉన్నారు. కింద వైనతేయ. వినత కొడుకు గరుత్మంతుడి పేరున్న పాయ. సప్తగోదావరి లెక్కలో చేరదు, అయినా నిండుగోదారే. ఈ ఊరికి ఎగువనే వశిష్ఠ నుంచి చీలి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఊపిరి ఆగుతుంది. రెండో మెట్టుకి నడుము. మూడో మెట్టుకి మనసులో ఉన్న మాట ఏదైనా సరే సగంలో తెగిపోతుంది. ముక్కు మూసుకుని ఒక మునక. నీటి లోపల ఒక మూగ హోరు. పైకి లేచేసరికి పక్కావిడ ఎవరో, "ఇంకో రెండు మునగండి, మూడు మునగాలి" అని నా భుజం నొక్కుతోంది. పేరు కూడా అడగలేదు.

అరటిదొప్పలు గట్టున వరసగా ఉన్నాయి. బోదె పొర కోసి, రెండు చివర్లూ లోపలికి మడిచి కొబ్బరి ఈనెతో కుట్టినవి. అందులో ముప్ఫై రోజులకి ముప్ఫై ఒత్తులు, రాత్రంతా నేతిలో నానినవి. నా అగ్గిపెట్టె చెమ్మగిల్లింది. పక్కావిడ తన దొప్పనే వంచి నాది అంటించింది. ఒత్తుల గుత్తి ఒక్కసారిగా భగ్గుమని, తరవాత కుదురుగా వెలిగింది. నీటి మీద వదిలి అరచేత్తో మూడుసార్లు నీళ్ళు తోస్తే దొప్ప కదులుతుంది. వదిన దొప్ప మాత్రం రెండు గజాలు వెళ్ళి గుర్రపుడెక్కలో ఇరుక్కుంది. "నా ప్రయాణాలింతే" అని ఆవిడ అనేలోపు ఒక పదేళ్ళ పిల్ల పరికిణీ ఎత్తిపట్టుకుని దిగి కర్రతో దాన్ని నదిలోకి నెట్టేసింది.

దీపాలు వెళ్తూంటే మెట్ల మీద కథ మొదలైంది. చెప్తున్నావిడకి పళ్ళు లేవు, వినేవాళ్ళకి కథ కొత్త కాదు, అయినా ఎవరూ లేవరు. ఒక అత్తగారు కోడళ్ళందర్నీ వెంటబెట్టుకుని కార్తీకమంతా నదికి వెళ్ళేదట, చిన్నకోడలు పోలిని తప్ప. పోలికి ఇంటిపని అప్పజెప్పేది. దీపం పెట్టుకోవడానికి వస్తువులేవీ మిగలకుండా జాగ్రత్తపడేది. పోలి పెరట్లో రాలిన పత్తితో ఒత్తి చేసుకుని, కవ్వానికి అంటిన వెన్న తీసి, దీపం పెట్టి, ఎవరికంటా పడకుండా బుట్ట బోర్లించేది. చివరికి బొందితో స్వర్గానికి తీసుకెళ్ళే విమానం వచ్చింది పోలికే. అత్తా తోడికోడళ్ళూ ఆమె కాళ్ళు పట్టుకుని వేలాడబోయి కిందపడ్డారు.

నేను ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఇవాళే, తడిబట్టల్తో వణుకుతూ వింటూంటే, ఒక సంగతి తట్టింది. ఇందులో గెలిచింది రేవుకి రానిది. ఇక్కడున్న మేమంతా రేవుకొచ్చినవాళ్ళం. వదిన చెవిలో ఆ మాట అంటే, "అందుకే నేను విమానం అడగట్లేదు, వేడి కాఫీ చాలు" అంది.

కాఫీ అయ్యాక పెద్దమ్మగారిని బలవంతాన, నది మీంచి కాలువని దాటించే అక్విడెక్టు మీదికి తీసుకొచ్చాం. ఇంటికి అంత దగ్గర్లో ఉన్నా నడిచి ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. నిన్నట్నుంచీ మేం అరుగు మీద కూర్చున్నంతసేపూ ఆవిడ పొయ్యి దగ్గర నిలబడే ఉందని, మా విశ్రాంతి అంతా ఆవిడ కాళ్ళ మీద నడుస్తోందని, మాకు కాస్త ఆలస్యంగానే వెలిగింది. ఇవాళ పొయ్యి వెలిగించేది లేదని వదిన ఖరాఖండీగా చెప్పేసింది. ఇడ్లీ హోటల్నించే.

వెనక సూర్యుడు వస్తున్నాడు. పక్కన కాలువ, మా నడకంత వేగంతో, చప్పుడు లేకుండా నాగరం లంక వైపు పోతోంది. పిట్టగోడ మీంచి వంగి చూస్తే కింద నది, కాలువకి అడ్డంగా దక్షిణానికి. నీటి మీంచి నీరు నడిచిపోతోంది. పై నీళ్ళు పొలానికి, కింది నీళ్ళు సముద్రానికి. కాసేపు అలాగే చూస్తే తల తిరిగి, ఏది కదులుతోందో, మనమే కదులుతున్నామో తెలియదు. అవతల పక్కన కాటన్ రోజుల నాటి పాత అక్విడెక్టు. హేగ్ అనే ఇంజనీరు 1850ల మొదట్లో 49 కమానులతో కట్టింది. ఇప్పుడు రాళ్ళ సందుల్లో రావిమొక్కలు మొలిచాయి. దాని పని 2000లో ఈ కొత్తది అందుకుంది. కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

"సీతమ్మగారిది ఇటేనండి, లంకల గన్నవరం" అని పెద్దమ్మగారు చెయ్యి చూపిస్తుంది, పక్కవీధి ఆవిడ గురించి చెప్పినట్టే. 1841లో మండపేటలో పుట్టిందావిడ. తండ్రి భవానీశంకరం అడిగినవాళ్ళకల్లా అన్నం పెడుతూంటే జనం బువ్వన్న అనేవారు. డొక్కా జోగన్నగారి భార్యగా ఈ లంకలకొచ్చి, 1909లో పోయేదాకా, ఏ వేళ ఎవరొచ్చినా కులం అడక్కుండా వండి పెట్టింది. గోదారి దాటడానికి పడవే దిక్కైన కాలం. రాత్రి రేవు దాటి తడిసి వచ్చినవాడికి ఆ ఇంటి దీపమే గుర్తు. ఎడ్వర్డ్ చక్రవర్తి పిలిస్తే వెళ్ళలేదనీ, ఫొటో తెప్పించుకుని కుర్చీలో పెట్టుకున్నాడనీ చెబుతారు. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే.

నన్ను పట్టుకున్న కథ మాత్రం వేరు. జీవితంలో ఒక్కసారి ఆవిడకి అంతర్వేది నరసింహస్వామిని చూడాలనిపించిందట. పల్లకి ఎక్కి బయల్దేరింది. దారిలో ఒకచోట ఆగినప్పుడు ఏదో పెళ్ళిబృందం అటే వస్తోంది. ఆకలికి పిల్లలు ఏడుస్తున్నారు. "కాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారింటికి వెళ్తే కడుపునిండా అన్నం పెడుతుంది" అని పెద్దవాళ్ళు ఊరుకోబెడుతున్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి రాజేసిందని చెబుతారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ చేతులు జోడిస్తారు. నేనూ జోడిస్తాను. కానీ ఇక్కడ నిలబడి పడమటివైపు చూస్తూంటే, ఆవిడ చూడని అంతర్వేది మీదికే పోతోంది నా ఆలోచన. ఈ పక్కనే ముంగండ. అక్కడి జగన్నాథ పండితరాయలు పదిహేడో శతాబ్దంలో ఢిల్లీ వెళ్ళి, షాజహాను కొలువులో పేరు తెచ్చుకుని, మన గోదారిని కాదని గంగ మీద లహరి చెప్పాడు. ఆయన్ని ఎవరి ఆకలీ సగం దారిలో వెనక్కి తిప్పినట్టు నేనెక్కడా వినలేదు. సీతమ్మగారికి స్వామి అంతర్వేదిలోనే ఉన్నాడా, ఆ పిల్లల్లో ఉన్నాడా అని పురాణం చెప్పేవాళ్ళు అడుగుతారు. నాకు అంత పెద్ద ప్రశ్న వద్దు. ఆ రాత్రి అందరూ తిన్నాక, అంట్లు తోమాక, పెరట్లో ఒక్కర్తీ కూర్చున్నప్పుడు సముద్రం ఎలా ఉంటుందో అనుకుందా?

అడిగాను పెద్దమ్మగారిని. "ఏమోనమ్మా, కూచునుండదు" అంది.

సగం వంతెన దాటాం. పెద్దమ్మగారు నడుస్తూ నడుస్తూ ఆగి, పిట్టగోడ పట్టుకుని, కింద ఒక పడవని చూస్తోంది. పడవలో మనిషి వల సర్దుతున్నాడు. ఎండ తగిలి ఆవిడ తడి జుట్టులోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆవిడ పెదాలు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలి ఆగిపోయాయి.

అప్పుడే ఆవిడ కొంగుముడిలో ఫోను మోగింది. బియ్యం డబ్బాలో ముగ్గురివీ పెట్టాల్సింది, పొరపాటు చేశాం. పెదనాన్నగారి గొంతు మాకూ వినపడుతోంది. పాలు ఎక్కడ పెట్టేవు, టీ పెట్టుకుందామంటే కనపళ్ళేదు, ఎంతసేపట్లో వస్తావు?

వదిన నా చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మగారు ఒకసారి ఊరివైపు చూసింది. మేం వచ్చిన దారి సగం, ఇంకా మిగిలింది సగం.

"గట్టు మీద బుట్ట బోర్లించుంది. దాని కిందున్నాయి. ఎత్తి చూసుకోండి" అని ఫోను కొంగులో కట్టుకుని, "అవతలిగట్టున మర్రిచెట్టో ఏదో ఉండేది, ఉందో లేదో చూసొద్దాం పదండి" అంటూ మాకంటే ముందు నడిచింది.