నాగా లెక్క

పనికి రాకపోవడానికి మన వాడుకలో మూడు మాటలున్నాయి. కూలివాడు రాకపోతే నాగా. గుమాస్తా రాకపోతే గైరుహాజరు. కాలేజీ కుర్రవాడు రాకపోతే డుమ్మా. చేసిన పని ఒకటే అయినా మనిషి అంతస్తును బట్టి మాట మారుతుంది, మాటతోపాటు శిక్షా మారుతుంది. ఇక 'సెలవు' మాట సంగతి చూడండి. పెద్దలు సెలవిచ్చారంటే మాట్లాడారని, ఆజ్ఞాపించారని అర్థం. అంటే సెలవు అడగడమంటే పైవాడి నోటిమాట కోసం ఎదురుచూడటమే. ఆ మాట పడకుండా ఇంటి దగ్గర ఉండిపోయిన మనిషిని గోదావరి డెల్టాలో ఏం చేశారు అన్నదే ఈ వ్యాస విషయం.

నాకు ఈ ఆలోచన రావడానికి మా ఇంట్లోని ఒక పుస్తకం కారణం. మా తాతగారు కోనసీమలో ఒక మోస్తరు కామందు. 1960ల నాటి ఆయన చిట్టాపుస్తకాలు రెండు నా దగ్గరున్నాయి. అందులో పాలేరుకు ఒక పేజీ ఉంది. ఎడమ పక్క అతను ముందుగా తీసుకున్న సొమ్ము, కుడి పక్క నాగాలు. ఒక నాగాకు రెండు రోజుల జీతం కోత. ఒకచోట నాగా పక్కన 'జ్వరం' అని రాసి ఉంది. కోత మాత్రం రెండు రోజులే. మరొకచోట 'చెల్లెలి పెళ్లి'. కోత అదే. మా తాతగారు క్రూరుడు కాడు. ఊళ్లో మంచివాడనే పేరుండేది. కారణం తెలుసుకుని, పుస్తకంలో ఎక్కించి, ఆ తర్వాత దాన్ని లెక్కలోకి తీసుకోని ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది?

ఊరి ఆచారమని సులువుగా చెప్పవచ్చు. కొంత నిజమే. కాని ఆచారం వెనక సర్కారు చట్టం నిలబడి ఉన్నదని విస్మరించరాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాటన్ దొర విగ్రహాలు మన ఊరూరా ఉన్నాయి. రాళ్లు మోసిన వేలమంది పేర్లు ఏ పలక మీదా లేవు. ఆనకట్ట వచ్చింది, కాలవలు వచ్చాయి, గట్లు వచ్చాయి. గట్టు తెగితే ఊళ్లు పోతాయి కనుక మద్రాసు రాజధానికి 1858లో నిర్బంధ శ్రమ చట్టమొకటి వచ్చింది. వరద వేళ పిలిచిన కూలివాడు రాకపోతే నేరం. దానికి కూలి ఇవ్వాలన్న మాట కూడా అందులో ఉంది, అది ఒప్పుకోవాలి. అయితే చెరువులూ కాలవలూ బాగుచేసే ఆనవాయితీ పనికి రానివాడు ఆ శ్రమ విలువకు రెండింతలు కట్టాలన్నది అదే చట్టం. రెండింతలు! మా తాతగారు ఆ చట్టం పేరైనా విని ఉండరు. లెక్క మాత్రం అదే.

మరుసటి ఏడే, 1859లో, పదమూడవ చట్టం వచ్చింది. బయానా పుచ్చుకుని పని మానేసిన చేతిపనివాళ్లు, కూలీల కోసం చేసినది. ముందుగా మూడు మహానగరాల వ్యాపారుల కోసమని చెప్పి, పోనుపోను ఇతర ప్రాంతాలకు విస్తరించారు. దాని పనితీరు కాస్త నిదానంగా చూడాలి. యజమాని మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేస్తాడు. బయానా తిరిగి ఇమ్మనడమో, పని చేయమనడమో, రెంటిలో ఏది కావాలో కోరుకునేది యజమానే. కూలివాడు ఆ ఉత్తర్వు చెల్లించకపోతే మూడు నెలల వరకు కఠిన శిక్ష. అదే యజమాని కూలి ఎగవేస్తే? ఈ చట్టంలో దానికి శిక్ష లేదు. అప్పు తీర్చలేని షావుకారు మీద సివిలు దావా పడేది. కూలివాడి బాకీ మాత్రం జైలు దాకా నడిచేది. ఇంగ్లండులోనూ 1823 నాటి చట్టం ప్రకారం పనికి రాని నౌకరుకు మూడు నెలల ఖైదు ఉండేది. అక్కడి కార్మికులు పోరాడి 1875లో దాన్ని వదిలించుకున్నారు. మనకు 1925లో రద్దు చట్టం చేసి, 1926 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. ఒకే రాణి కింద మొదలైన రెండు దేశాలకు యాభై ఏళ్ల తేడా.

డెల్టాలో పని లేని నెలల్లో మనవాళ్లు కాకినాడ రేవులో ఓడ ఎక్కి రంగూను వెళ్లేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనేవారు. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోసింది వాళ్లే. ఓడ చార్జీ, ఇంటి దగ్గర ఇచ్చిన కొంత సొమ్ము మేస్త్రీ పద్దులో పడేది. కూలి మేస్త్రీ చేతుల మీదుగానే అందేది. అంటే రోజు కూలికంటే ముందే అప్పు పుట్టేది. అట్టివాడు ఒక పూట రాకపోతే అది పారిపోయే సూచనగానే కనిపించేది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని అందరూ కలిసి పని మానారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె పరిష్కారమై పాతవాళ్లు తిరిగి రాగానే బర్మీయులను పొమ్మన్నారు. ఆ మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవాళ్లలో అత్యధికులు మనవాళ్లే. ఖాళీ అయిన చోట మరో పేదవాణ్ణి నిలబెట్టడమన్నది నాగాకు యజమాని కనిపెట్టిన పాత మందు.

సంఘం లేని రోజుల్లో రాకపోవడమొక్కటే కూలివాడి చేతిలో ఉన్న ఆయుధమని మన మిత్రులు కొందరంటారు. చాలావరకు నిజం. కాని ప్రతి నాగా తిరుగుబాటు కాదు. ఊడ్పుల ముఠాలో ఒకరు రాకపోతే ఆ వంగుడు మిగిలినవాళ్ల నడుముల మీద పడుతుంది. మన వృత్తి మాటే తీసుకుందాం. రిజిస్టరులో సంతకం పెట్టి క్లాసుకు వెళ్లని ఉపాధ్యాయుడు ఏ యజమానినీ ఎదిరించడం లేదు. నష్టపోయేది ట్యూషను కట్టలేని పాలేరు మనవడు. ఇది రాస్తున్నందుకు స్టాఫ్‌రూములో నాకు నాలుగు మాటలు తప్పవు.

చట్టం తర్వాత కొంత మెత్తబడిన మాట నిజం. 1936 వేతన చెల్లింపు చట్టం రాని కాలానికి మించి కోయకూడదన్నది. అయితే పదిమందో అంతకు ఎక్కువమందో కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా మానేస్తే ఎనిమిది రోజుల జీతం వరకు కోయవచ్చునన్నారు. ఒక్కడి జ్వరానికి లేని భయం పదిమంది ఏకమైతే పుట్టింది. 1993లో సుప్రీంకోర్టు, ఎనిమిది రోజులు రాలేదని విచారణ లేకుండా కార్మికుడి పేరు కొట్టివేయడం చెల్లదన్నది. 2012లో మరో తీర్పు, కావాలని మానేశాడని రుజువు కానిదే గైరుహాజరు దుష్ప్రవర్తన కాదన్నది. ఎందుకు రాలేదన్న ప్రశ్నకు న్యాయస్థానంలో చోటు దొరకడానికి ఇంత కాలం పట్టింది. మన రాష్ట్రంలో 2007 ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా ఏడాది దాటితే రాజీనామా చేసినట్టే. అక్కడ కూడా ముందు సంజాయిషీ అడగాలి. మా కాలేజీల్లో గంట లెక్కన పాఠం చెప్పే గెస్టు లెక్చరరును ఎవరూ సంజాయిషీ అడగరు. మరునాడు ఆ గంట ఇంకొకరిది.

పదిమంది ఏకమైతే పుట్టే ఆ భయం మాత్రం తగ్గలేదు. 2019 అక్టోబరులో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మె చేస్తే, గడువులోగా రానివాళ్లు తమను తామే తొలగించుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. పొమ్మన్నవాడు లేడట, పోయినవాడే ఉన్నాడట! 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ అక్కలు సమ్మెకు దిగితే 2024 జనవరిలో వారిమీద ఎస్మా ప్రయోగించారు. నలభై రెండు రోజులు వాళ్లు కదలలేదు.

వెట్టి కార్మికుల విముక్తి చట్టం 1976లో వచ్చింది. మా తాతగారి పాలేరు పేజీ అంతకు చాలా ముందే ముగిసింది. చివరన వరసగా తొమ్మిది నాగాలున్నాయి. ఎవరి పక్కనా కారణం లేదు. తర్వాత అడ్డగీత, దాని కింద బాకీ మొత్తం. అతనేమయ్యాడని మా అమ్మను అడిగాను. ఆమెకు అతని మొహం గుర్తులేదు. ఆ ఏడు దాళ్వా కోతలనుంచి అతని భార్య మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చేదని, బాకీ తీరేదాకా ఒక్క పూట కూడా మానలేదని మాత్రం గుర్తుంది.