కుందేళ్ల పెంపకం: బొచ్చు రంగు, ప్రదర్శన ప్రమాణాల చరిత్ర

బొచ్చు రంగు, మచ్చల అమరిక, వెంట్రుక తీరు, ఒంటి వాటం చూసి కుందేళ్లను జత కట్టించి, వాటి సంతతిని పోటీల్లో నిలబెట్టే పెంపకం పశ్చిమ యూరప్‌లో పుట్టి ఉత్తర అమెరికాలో విస్తరించింది. నేటి పెంపుడు కుందేళ్లన్నిటికీ మూలం ఒకే అడవి జాతి. అది ఐబీరియా ద్వీపకల్పంలోనూ ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలోనూ బొరియలు తవ్వుకుని గుంపుగా బతికిన ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్. మన చేలగట్ల మీద, మెట్టపొదల్లో కనిపించే అడవి కుందేలు లెపస్ నైగ్రికోలిస్ వేరే ప్రజాతికి చెందింది. అది బొరియ తవ్వదు, దాని పిల్లలు కళ్లు తెరిచే పుడతాయి. పెంపుడు కుందేలుకూ దానికీ సంతానం కలగదు.

యూరప్ అడవి కుందేలు వీపు మీది వెంట్రుకను ఒకటి పీకి చూస్తే రంగులు పట్టీలుగా ఉంటాయి: అడుగున నీలిబూడిద, పైన పసుపు, కొసన నలుపు. ఎండుగడ్డిలో కలిసిపోయే ఈ రంగును ఆగూటీ అంటారు. ప్రదర్శనల్లో కనిపించే రంగుల్లో చాలా భాగం ఈ పట్టీల్లో ఏదో ఒకటి చెరిగిపోవడం వల్లనో, పలచబడటం వల్లనో వచ్చినవే. అడవిలో నల్లదో తెల్లదో పుడితే గద్దకూ నక్కకూ ముందుగా దొరుకుతుంది. మనిషి కాపలాలో ఉన్నప్పుడే ఆ పిల్ల పెరిగి పెద్దదై మళ్లీ పిల్లల్ని కంటుంది.

తోలు ధర నుంచి

క్రీ.శ. 600లో పోప్ గ్రెగరీ కుందేలు కూనలను చేపలతో సమానంగా లెక్కగట్టి ఉపవాస దినాల్లో తినడానికి అనుమతించాడనీ, దాంతో ఫ్రాన్స్ మఠాల్లో పెంపకం మొదలైందనీ ఒక కథ చాలాకాలం పుస్తకాల్లో నడిచింది. అలాంటి ఆజ్ఞ ఏదీ లేదని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. రోమన్లు గోడ కట్టిన ఆవరణల్లో కుందేళ్లను ఉంచారు, మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ప్రభువులు వాటికోసం ప్రత్యేకంగా మైదానాలు కేటాయించారు. ఇవన్నీ కలిసి శతాబ్దాల మీద జరిగిన మచ్చిక ఇది. 1530 ప్రాంతంలో టిషియన్ గీసిన, ఇప్పుడు లూవ్ర్‌లో ఉన్న మేరీమాత చిత్రంలో ఆమె చేతికింద తెల్ల కుందేలు కనిపిస్తుంది. అంటే అప్పటికే తెల్లరంగు కుందేళ్లు మనుషుల దగ్గర ఉన్నాయి.

రంగును బట్టి విలువ కట్టే పద్ధతికి చక్కని లిఖిత సాక్ష్యం ఇంగ్లండ్‌కు చెందిన వ్యవసాయ రచయిత జర్వేస్ మార్కమ్ దగ్గర దొరుకుతుంది. పదిహేడో శతాబ్దం తొలినాళ్లలో ఆయన రాసిన దాని ప్రకారం నల్ల వెంట్రుకలూ తెల్ల వెంట్రుకలూ సమంగా కలిసి, నలుపు తెలుపును కాస్త కమ్మేసినట్టుండే వెండి బొచ్చు తోలే మేలైనది. బొచ్చు ఒత్తుగా, లోతుగా, నునుపుగా మెరవాలి. మామూలు తోలు రెండు మూడు పెన్నీలు పలికితే ఇది రెండు షిల్లింగులు పలికేది. షిల్లింగుకు 12 పెన్నీలు కాబట్టి ఎనిమిది నుంచి పన్నెండు రెట్ల ధర. నేటి న్యాయనిర్ణేత సిల్వర్ జాతి కుందేలు ఒంటి మీద వెతికేది కూడా దాదాపు ఇదే. ప్రదర్శన ప్రమాణం అనే ఆలోచన సరదాలోంచి కాక తోలు వర్తకుడి చేతుల్లోంచి వచ్చిందనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

లోప్, హిమాలయన్, డార్విన్

పంతొమ్మిదో శతాబ్దంలో లండన్ లోనూ ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాల్లోనూ పావురాలు, కోళ్లతోపాటు కుందేళ్లకూ క్లబ్బులు వచ్చాయి. పొలం లేని కార్మికుడు కూడా పెరట్లో నాలుగు గూళ్లు పెట్టుకోగలడు. మొదటి మోజు చెవుల మీద. వేలాడే చెవుల లోప్ కుందేళ్లను చెవి పొడవు కోసమే తరతరాలుగా ఏరారు. ఒక చెవి కొస నుంచి రెండో చెవి కొసకు సుమారు 22 అంగుళాలు ఉన్న కుందేలు గురించి చార్లెస్ డార్విన్ 1868లో ప్రచురించిన గ్రంథంలో రాశాడు. పెంపుడు జంతువులలోనూ మొక్కలలోనూ వచ్చే మార్పుల గురించిన ఆ పుస్తకంలో కుందేళ్లకు పెద్ద అధ్యాయమే ఉంది.

ఆ అధ్యాయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది హిమాలయన్ కుందేలు. ఒళ్లంతా తెలుపు, కళ్లు ఎరుపు, ముక్కు, చెవులు, పాదాలు, తోక మాత్రం నలుపు. పేరులో హిమాలయం ఉన్నా యూరప్ కుందేలుకు ఆ పర్వతాలు సహజ నివాసం కాదు. 1857లో దీన్ని కొత్త జాతిగానే భావించి వేరే శాస్త్రనామం కూడా పెట్టారు. వెండిరంగు కుందేళ్లను కలిపినప్పుడు ఇది పుట్టుకొస్తోందని పెంపకందారుల అనుభవాల ఆధారంగా డార్విన్ చూపాడు. కూనలు తెల్లగా పుట్టి తర్వాతే నలుపు తిరుగుతాయన్న సంగతినీ నమోదు చేశాడు.

దీని కారణం తెలియడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. జర్మనీలో వాల్టర్ షుల్ట్జ్ హిమాలయన్ కుందేలు వీపు మీద కొంతమేర బొచ్చు గొరిగి చల్లని చోట ఉంచితే అక్కడ నల్ల బొచ్చు మొలిచింది. నలుపు వర్ణకాన్ని తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైము ఈ కుందేళ్లలో లోపంతో ఉంటుంది. ఒంటి వేడిలో అది పనిచేయదు, చల్లబడిన భాగాల్లోనే పనిచేస్తుంది. గాలికి చల్లబడేవి చెవులు, ముక్కు, పాదాలు, తోక. తల్లి తన బొచ్చు పీకి పరిచిన వెచ్చని గూట్లో ఉన్నన్నాళ్లు కూన తెల్లగానే ఉంటుంది. చలికాలంలో మచ్చలు ముదురుతాయని, మరీ చలి తగిలితే ఒంటి మీద కూడా మసి పట్టినట్టు మరకలు వస్తాయని పెంపకందారులకు అనుభవంలో తెలుసు. పోటీలో ఆ మరక తప్పే.

మెండెల్ సూత్రాల రాక

1900లో మెండెల్ వంశపారంపర్య సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చాక వాటిని జంతువుల మీద తొలుత పరీక్షించిన వాళ్లలో ఇంగ్లండ్ లెస్టర్‌షైర్‌కు చెందిన చార్లెస్ చాంబర్లిన్ హర్స్ట్ ఒకడు. ఆర్కిడ్ మొక్కల పెంపకంలో పేరున్నవాడు. ఎర్రగోధుమ రంగు పొట్టి బొచ్చు బెల్జియన్ హేర్‌ను తెల్లని పొడవు బొచ్చు అంగోరాతో కలిపి, ఫలితాలను 1905లో ప్రచురించాడు. బెల్జియన్ హేర్ పేరుకే హేర్, నిజానికి పెంపుడు కుందేలే. మొదటి తరమంతా పొట్టి బొచ్చుతో, అడవి రంగుతో పుట్టింది. రెండో తరంలో పొడవు బొచ్చూ తెలుపూ తిరిగి వచ్చాయి, వాటితోపాటు తాతముత్తాతలెవరిలోనూ కనిపించని నల్ల కుందేళ్లూ పుట్టాయి. తెల్ల కుందేలుకు రంగు లేదనుకోవడం పొరపాటని దీంతో రుజువైంది. నలుపో, మచ్చలో, మరొకటో దానిలో ఉండనే ఉంటుంది, బయటపడనివ్వని అంశం ఒకటి దాన్ని అణిచిపెడుతుంది. పెంపకందారులకు ఇంతకు మించి పనికొచ్చిన పాఠం మరొకటి లేదు. హార్వర్డ్‌లో విలియం కాసిల్ 1909లో సహచరులతో కలిసి కుందేళ్ల వంశపారంపర్యం గురించి పెద్ద నివేదికే వెలువరించాడు.

అప్పటినుంచి పెంపకందారులు అయిదు జన్యుస్థానాలను అక్షరాలతోనే పిలుచుకుంటున్నారు. ఏ (A) స్థానం పట్టీలను నిర్ణయిస్తుంది, అక్కడ లోపముంటే ఒళ్లంతా ఒకే రంగు వస్తుంది. బీ స్థానం నలుపును చాక్లెట్ చేస్తుంది. డీ స్థానం రంగును పలచన చేసి నలుపును నీలిబూడిదగా మారుస్తుంది. ఈ (E) స్థానంలో మార్పు వస్తే నలుపు వెనక్కి తగ్గి నారింజ పైకి వస్తుంది. సీ స్థానంలో మెట్లున్నాయి: పూర్తి రంగు, చించిల్లా, హిమాలయన్, చివర ఏ రంగూ లేని తెలుపు. బీ, డీ రెండింటిలోనూ మారిన రూపాలే జతపడితే పావురపు మెడలాంటి గులాబీ బూడిద, లైలాక్, వస్తుంది. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో లూకా ఫోంతనేసి బృందం ఇటీవలి దశాబ్దాల్లో ఈ స్థానాల్లో అనేకం వెనకున్న జన్యువులను గుర్తించింది.

చించిల్లా, రెక్స్

ఫ్రాన్స్‌కు చెందిన డిబోవ్‌స్కీ 1913లో పారిస్ దగ్గరి సాంమోర్‌లో తాను పెంచిన చించిల్లా కుందేళ్లను ప్రదర్శించాడు. దక్షిణ అమెరికాలోని ఖరీదైన చించిల్లా జంతువు బొచ్చును తలపించే రంగు ఇది. వెంట్రుకలోని పసుపు పట్టీ పోయి ముత్యపు తెలుపు మిగులుతుంది. న్యాయనిర్ణేత వీపు మీది బొచ్చును నోటితో ఊదుతాడు. బొచ్చు విచ్చుకుని చక్రంలా కనిపించే పట్టీల్లో అంచులు స్పష్టంగా ఉన్నాయో లేదో చూస్తాడు. 1919లో అమెరికా చేరిన ఈ రకానికి పదేళ్లలోపే అక్కడ విపరీతమైన గిరాకీ వచ్చింది.

రెక్స్ కథ ఒక పల్లెటూరి పెరట్లో మొదలైంది. 1919లో ఫ్రాన్స్‌లోని సార్త్ ప్రాంతంలో దెజిరే కాయోన్ అనే రైతు ఇంట మామూలు బూడిద కుందేలు ఈతలో బొచ్చు అరకొరగా ఉన్న కూన ఒకటి పుట్టింది. అలాంటిదే మరొకటీ పుట్టాక ఆ జతను దగ్గరి గ్రామ చర్చి పూజారి అబె జిలే తీసుకుని, వాటి సంతతిని తమలో తమకే జతకట్టించాడు. తొలి తరాలవి ఒంటి మీద అక్కడక్కడ బొచ్చు లేక, రోగాలకు తట్టుకోలేని కుందేళ్లు. ఇతర జాతుల రక్తం కలిపాకే నిలదొక్కుకున్నాయి. 1924లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో అవి అందరి దృష్టినీ ఆకర్షించాయి. వీటిలో పై వెంట్రుక లోపలి బొచ్చంత పొట్టిగానే ఉంటుంది కాబట్టి ఒళ్లు ముఖమల్‌లా తగులుతుంది, మీసాలు మెలితిరిగి ఉంటాయి. 1920లలోనే జర్మనీలో, నార్మండీలో ఇలాంటి బొచ్చే విడిగా పుట్టింది. ఫ్రెంచి రకాన్నీ జర్మన్ రకాన్నీ కలిపితే పిల్లలు మామూలు బొచ్చుతో పుట్టేవి. చూపుకు ఒకటే అనిపించిన రెండు బొచ్చులకు వేర్వేరు జన్యువులున్నాయన్నమాట.

అన్ని జాతులూ ఇలా అదృష్టవశాత్తూ రాలేదు. నార్మండీలోని ఒతో-అన్-ఓజ్‌లో యూజెనీ బెర్నార్ అనే మహిళ నల్లని కంటివలయం తప్ప మచ్చలేని తెల్ల కుందేలు కావాలని 1902లో పని మొదలుపెట్టింది. వందల సంకరాల తర్వాత వచ్చిన ఆ జాతి ఆ ఊరి పేరుతోనే 1922లో గుర్తింపు పొందింది. ఇరవయ్యేళ్ల ఆ పట్టుదలను కుందేళ్ల చరిత్ర తగినంతగా గుర్తుంచుకోలేదు.

సంఘాలు, మార్కులు

అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం చివర బెల్జియన్ హేర్ మీద వెర్రి మోజు చెలరేగి కొద్ది ఏళ్లకే కూలిపోయింది. ఆ తర్వాత 1910లో ఏర్పడ్డ జాతీయ సంఘమే పేర్లు మార్చుకుంటూ నేటి అమెరికన్ ర్యాబిట్ బ్రీడర్స్ అసోసియేషన్ అయింది. బ్రిటన్‌లో 1934లో రెండు సంఘాలు కలిసి బ్రిటిష్ ర్యాబిట్ కౌన్సిల్ ఏర్పడింది. ప్రతి జాతికీ నూరు మార్కుల పట్టిక ఉంటుంది. ఏ అంశానికి ఎన్ని మార్కులన్నది జాతిని బట్టి మారుతుంది. అమెరికాలో గుర్తింపు సంఖ్యను ఎడమ చెవిలో పచ్చబొట్టుగా పొడుస్తారు, బ్రిటన్‌లో కూనగా ఉన్నప్పుడే వెనక కాలికి ఉంగరం తొడుగుతారు. రంగు కుందేలుకు ఒక్క తెల్లగోరు ఉన్నా, పళ్లు ఒకదానికొకటి పొసగకున్నా పోటీలోంచి తప్పిస్తారు.

ప్రమాణానికీ ఆరోగ్యానికీ మధ్య

ఇంగ్లిష్ స్పాట్ కుందేలు తెల్ల ఒంటికి ముక్కు మీద సీతాకోకచిలుక ఆకారం, వెన్ను పొడవునా గీత, పక్కలకు గొలుసుగా చుక్కలు ఉండాలి. ఈ అమరిక మచ్చల జన్యువు ఒకే ప్రతి ఉన్నప్పుడే వస్తుంది. మచ్చలున్న రెండింటిని కలిపితే పిల్లల్లో సగటున సగమే ప్రదర్శనకు పనికొస్తాయి. పావువంతు ఒకే రంగువి. మిగిలిన పావువంతు రెండు ప్రతులూ అందుకుని, మచ్చలు దాదాపు లేకుండా పుడతాయి. వీటికి పెద్దపేగు కదలిక మందగించి ఉబ్బిపోయే జబ్బు వస్తుంది. 2014లో ఫోంతనేసి బృందం దీన్ని కిట్ అనే జన్యువుతో ముడిపెట్టింది. మచ్చల కుందేలును ఒకే రంగు కుందేలుతో కలిపితే ఈ రోగిష్టి పిల్లలు పుట్టవు, సగం మచ్చలతోనే పుడతాయి. ప్రదర్శన పిల్లల సంఖ్య తగ్గకుండానే బాధను తప్పించే దారి ఉన్నప్పుడు మరో దారి పట్టడానికి సమర్థన లేదు.

నెదర్లాండ్ డ్వార్ఫ్‌ది ఇంకా కఠినమైన లెక్క. పొట్టితనపు జన్యువు ఒకటుంటే గుండ్రని తల, చిన్న చెవులు వస్తాయి. రెండుంటే కూన కొద్దిరోజులకే చనిపోతుంది. హెచ్ఎంజీఏ2 అనే జన్యువులో ఒక ముక్క ఊడిపోవడమే కారణమని 2017లో తేలింది. పొట్టివాటిని రెండింటిని కలిపినప్పుడల్లా నాలుగో వంతు కూనలను ముందే వదులుకున్నట్టే. బాధ కలిగించే లక్షణాల పెంపకాన్ని నిషేధించే చట్టం ఉన్న జర్మనీలో మచ్చల జన్యువూ పొట్టి జన్యువూ చాలాకాలంగా చర్చలో ఉన్నాయి.

భారతదేశంలో

మన దేశంలో కుందేళ్ల పెంపకం పోటీలకంటే ఉన్నికీ మాంసానికీ సాగుతుంది. రాజస్థాన్ అవికానగర్‌లోని కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ, కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూర్‌లో ఉన్న దాని దక్షిణ ప్రాంత కేంద్రం వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా వంటి జాతులను పెంచుతున్నాయి. సోవియట్ చించిల్లా బూడిదరంగు సీ స్థానపు చించిల్లా రూపం నుంచి వచ్చినదే. తెల్ల న్యూజిలాండ్ జాతి కుందేలును రంగు కుందేలుతో కలిపితే ఏ రంగు పిల్లలు వస్తాయో తెల్లదాని ఒంటిని చూసి చెప్పలేం. ఆంధ్ర, తెలంగాణ మైదానాల వేసవిలో కుందేళ్లు వేడికి తట్టుకోలేవు, మగవాటికి కొన్నాళ్లు సంతానశక్తి తగ్గుతుంది. హిమాలయన్ జన్యువు అందుకున్న కాలిఫోర్నియన్ కుందేళ్లకు ఆ ఎండల్లో ముక్కూ చెవుల నలుపు వెలిసిపోతుంది, చలికాలపు బొచ్చుతో మళ్లీ చిక్కబడుతుంది.