ప్లేట్‌లెట్ల సంఖ్య చాటున దాగిన ప్లాస్మా

డెంగీ అనగానే మన ఇళ్లలో పుట్టే మొదటి ప్రశ్న ప్లేట్‌లెట్లు ఎంతకు పడిపోయాయనే. ఆ సంఖ్య తగ్గే మాట నిజమే. అయితే ఈ వ్యాధిలో ఎక్కువగా ప్రాణాల మీదికి తెచ్చేది రక్తనాళాల నుంచి ప్లాస్మా కారిపోవడం. వైద్యలోకం ఈ సంగతి గ్రహించిన తీరు మీరు తెలుసుకోదగినది.

ఒకప్పుడు డెంగీకి ఒళ్లు విరిచే జ్వరమనే పేరుండేది, మరణాలు అరుదు. 1953-54లో మనీలాలోనూ, 1958లో బ్యాంకాక్‌లోనూ పిల్లలు రక్తస్రావంతో, షాక్‌తో మరణించసాగారు. బ్యాంకాక్‌లో ఆసుపత్రి పాలైనవారిలో సుమారు 10 శాతం మంది దక్కలేదు.

ఆ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ సుచిత్ర నిమ్మన్నిత్య, ఆమె సహచరులు ఏళ్ల తరబడి రోగులను పరిశీలించారు. జ్వరం దిగే వేళకే కొందరు పిల్లల చేతులు చల్లబడేవి, నాడి బలహీనపడేది. ఆ సమయంలో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల పాలు, పెరిగేది. రక్తం పోతే అది తగ్గాలి కదా! పెరిగిందంటే ద్రవభాగం నాళాల గోడలు దాటి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతోందన్నమాట. ఈ స్రావం సాధారణంగా 24 నుంచి 48 గంటలే సాగుతుంది. ఆ వ్యవధిలో కొలత ప్రకారం సెలైన్ ఎక్కిస్తే రోగి నిలుస్తాడు. అతిగా ఎక్కిస్తే, కారిన ద్రవం తిరిగి నాళాల్లోకి చేరే వేళ ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి.

కారణాలు ఇటీవలే తెలిశాయి. వైరస్ విడుదల చేసే ఎన్ఎస్1 ప్రోటీన్ టీఎల్ఆర్4 అనే గ్రాహకం ద్వారా నాళాల లోపలి పొరను సడలిస్తుందని 2015లో వెల్లడైంది. అదే గ్రాహకం ప్లేట్‌లెట్ల మీద కూడా ఉంది. ఎన్ఎస్1 దాని ద్వారా వాటిని ఉత్తేజపరచి, త్వరగా నశింపజేస్తుందని 2019లో తేలింది. అలా ఉత్తేజితమైన ప్లేట్‌లెట్లు విడిచే రసాయనాలు కూడా స్రావాన్ని పెంచగలవు.

మరి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే సరిపోదా? సింగపూర్, మలేషియాలలో సంఖ్య 20,000 లేదా అంతకు తగ్గిన 372 మంది పెద్దలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ముందుజాగ్రత్తగా ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదు.

కనుక జ్వరం తగ్గిందని ఏమరకండి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చల్లని చేతులు, తగ్గిన మూత్రం, చిగుళ్ల నుంచి రక్తం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్లేట్‌లెట్లతోపాటు హెమటోక్రిట్ ఎంతో కూడా వైద్యుణ్ణి అడగండి.