పోగు నుంచి ప్లేటుకు

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డులో తొర్రూరు దాటాక మరిపెడ వస్తుంది. ఇలాంటి తెలంగాణ రహదారుల పక్కన బగారా అన్నం, నాటుకోడి, బోటి, తలకాయ కూర బోర్డుల నడుమ ఇంకో బోర్డు కూడా కనిపిస్తుంటుంది: 'మటన్, చికెన్ వండి ఇవ్వబడును'. మాంసం మనం పట్టుకుపోవాలి. పొయ్యి, మసాలా, చేతి పనితనం వాళ్లవి. వంతులేసుకుని మాంసం కొని, కలిసి కూర్చుని తినే పాత పల్లె అలవాటు ఈ బోర్డులో ఇంకా బతికే ఉంది.

హోటళ్లు రాకముందు ఊళ్లో మాంసం అంటే పోగు. దసరాకో, ఎవరింట్లోనైనా చుట్టాలు దిగినప్పుడో నలుగురు కలిసి ఒక యాటను కొనేవారు. చాలా ఊళ్లలో ముల్లాను పిలిచి కోయించేవారు. ఆ తర్వాత పరిచిన ఆకుల మీద పోగులు వేసేవారు. ప్రతి పోగులో మెత్తటి కండ కొంత, బొక్క కొంత, కార్జం ఒక ముక్క, పేగు కొంత పడాలి. తూకం రాళ్ల అవసరం లేదు; చుట్టూ నిలబడ్డవాళ్ల కళ్లే త్రాసు. ఒక పోగు పెద్దగా కనబడితే అందులోంచి ముక్క తీసి పక్కదాంట్లో వేసేవారు. అందరూ సరేనన్నాకే ఎవరి వాటా వాళ్లు ఇంటికి పట్టుకుపోయేది.

ఐస్ లేని కాలంలో మిగిలిన మాంసాన్ని కాపాడింది ఎండ. పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఆరేసేవారు. గట్టిపడ్డ ఆ తునకలు నెలల తరబడి నిలిచేవి. వానాకాలంలో నాలుగు తునకలు నిప్పుల మీద కాల్చి దంచుకున్నా, పప్పులోనో చింతపులుసులోనో వేసినా ఆ పూట గడిచిపోయేది. దళితవాడల్లో ఈ తునకలే ఏడాది పొడవునా ఆదుకున్న తిండి. వాటిని ఎండబెట్టే నేర్పు తల్లుల నుంచి కూతుళ్లకు వచ్చింది.

మిగిలిన మాంసం పాడవకుండా చూసుకోవాలన్న ఇదే ఇబ్బంది అమెరికా దక్షిణాదిలో ఇంకో దారి తొక్కింది. టెక్సాస్‌లోని లాక్‌హార్ట్ అనే చిన్న పట్టణంలో 1900లో మొదలైన క్రైట్స్ మార్కెట్ మొదట మాంసం కొట్టే. అమ్ముడుపోని ముక్కలు పాడవకుండా పొగలో కాల్చి పెట్టేవారు. పత్తి ఏరే కూలీలు వాటిని కొని, కసాయి కాగితం మీదే పెట్టుకుని తినేవారు. కొట్టు కాస్తా భోజనశాల అయింది. అమెరికా దక్షిణాది అంతటా గుంటలు తవ్వి, రాత్రంతా నిప్పు కాచి, బార్బెక్యూకు రుచి తెచ్చిన చేతుల్లో ఎక్కువ నల్లజాతి వంటవాళ్లవే. అయినా చాలాకాలం పేరు యజమానులకే దక్కింది.

మన దగ్గర నిప్పు పని ఎక్కువగా తలకాయ, కాళ్ల దగ్గర కనిపిస్తుంది. వెంట్రుకలు పూర్తిగా పోయేదాకా మంట మీద తిప్పుతూ కాల్చాలి. నల్లబడ్డ పైపొరను కత్తితో గీకి, పసుపు రాసి, మళ్లీ ఒకసారి సెగ చూపించాలి. తక్కువ కాలితే వెంట్రుక నోటికి తగులుతుంది, ఎక్కువ కాలితే తోలు చిట్లి చేదెక్కుతుంది. తలకాయ కూరకు ఆ పొగ వాసన వచ్చేది ఇక్కడే. ఇప్పుడు చాలాచోట్ల కట్టెల మంట పోయి గ్యాస్ మంట వచ్చింది. పని తొందరగా అవుతుంది గానీ కట్టెపొగ రుచి రాదు.

ఇల్లు దాటి నలుగురితో మాంసం తినే చోటంటే చాలామందికి కల్లు మండువే. తాటివనం నీడలో గౌడన్న కల్లు వంచుతుంటే పక్కన గుడాలు, వేపుడు ముక్కలు అమ్మేవారు. మాంసం తెచ్చుకుని అక్కడే రాళ్ల పొయ్యి పెట్టుకునే బృందాలూ ఉండేవి. ఇవాళ్టి 'వండి ఇవ్వబడును' బోర్డుకు తాత ఆ రాళ్ల పొయ్యే.

మరిపెడ చుట్టూ తండాలు ఎక్కువ. అది ఉన్న మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే, వాళ్లలో అధికులు లంబాడీలు. మొఘల్ సేనల వెంట ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కనుకు వచ్చిన జాతి ఇది. 19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చి ఆ రవాణా వ్యాపారం దెబ్బతింది. ఊరూరా తిరిగిన వాళ్లు సాగు, పశువుల పెంపకం పట్టుకుని తండాల్లో స్థిరపడ్డారు. ఆషాఢంలో సీత్లా భవానికి మేకలు, కోళ్లు కోసి, పశువులు చల్లగా ఉండాలని మొక్కుతారు. మేకను కోసిన రోజు తండాలో వండే ప్రత్యేకమైన కూర సలోయి. పట్టిన రక్తాన్ని లోపలి భాగాలతో కలిపి వండి, జొన్నరొట్టెతో తింటారు. మేకలో ఏదీ వృథా పోకూడదన్న పట్టింపు ఆ వంటలో ఉంది.

ఫ్రిజ్, బ్రాయిలర్ కోడి, కిలోల లెక్కన అమ్మే కొట్లు వచ్చాక పండుగ తిండి వారం వారం తిండి అయింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో పంచే పథకం మొదలుపెట్టింది. 2019 పశుగణనలో దాదాపు 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఒకప్పుడు ఇళ్లకూ మండువాలకూ పరిమితమైన బోటి, తలకాయ కూర ఇప్పుడు రోడ్డు పక్క హోటల్లో ప్లేటు ధరతో దొరుకుతున్నాయి. సలోయి మాత్రం హోటల్ పట్టికలో అరుదు. అప్పుడే కోసిన మేక, తాజా రక్తం, ఆ పాళ్లు తెలిసిన చెయ్యి ఉంటేనే అది కుదురుతుంది. అందుకే సలోయి తినాలనుకునేవాళ్లు ఇప్పటికీ తండాలో చుట్టరికమో స్నేహమో వెతుక్కుంటున్నారు.