బాల్టిక్‌లో హెర్రింగ్ స్టాకు ఎలా ఖాళీ అయింది

ఈ వారం ఎపిసోడ్‌లో జర్మనీ చేపల సంగతి పావుగంటలో ముగించేశాం. విన్నవాళ్ళలో సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు కొందరు "జర్మనీలో కూడా మనలాగా వేట నిషేధం ఉంటుందా?" అని అడిగారు. ఒక్క మాటలో చెప్పాలంటే, ఉంటుంది. కాకపోతే మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆపి, మళ్ళీ వల తీస్తారు. ఇక్కడ బాల్టిక్ సముద్రంలో కొన్ని చేపల మీద పెట్టిన ఆంక్షలు ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. ఆ కథంతా మైకులో చెప్పడానికి టైం చాలలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కథలో హీరో హెర్రింగ్ చేప. మన కవళ్ళకూ పులసకూ చుట్టం అనుకోండి. పులస గోదారిలోకి ఎదురీదినట్టే, ఇది కూడా గుడ్లు పెట్టడానికి తనకంటూ ఉన్న చోటుకే వస్తుంది. జర్మనీ ఈశాన్య మూల ర్యూగెన్ దీవి ఉంది. దాని పక్కనే గ్రైఫ్స్‌వాల్డ్ బోడెన్ అని లోతు తక్కువ ఉన్న ఉప్పుటేరు లాంటి నీళ్ళున్నాయి. పశ్చిమ బాల్టిక్ హెర్రింగ్‌కు పెద్ద పురిటిల్లు అదే. వసంతకాలంలో గుంపులుగా వచ్చి నీటిలోపలి గడ్డికి గుడ్లు అంటించి, మేత కోసం డెన్మార్క్, స్వీడన్ల మధ్య నీళ్ళకు వెళ్ళిపోతుంది. హార్బర్ దగ్గర బ్రెడ్డులో పెట్టి అమ్మే బిస్మార్క్ హెర్రింగ్, పుల్లగా ఊరబెట్టి చుట్టిన రోల్‌మాప్స్ ఈ చేపవే. నాకు మొదట్లో ఆ పులుపు నోటికి ఎక్కలేదు, ఇప్పుడు పర్లేదు.

ఈ చేప మీద ఊళ్ళకు ఊళ్ళే లేచాయి. మధ్యయుగంలో చర్చి చెప్పిన ఉపవాసం రోజుల్లో మాంసం తినకూడదు, చేప తినొచ్చు. ఐరోపా అంతటా గిరాకీ. ల్యూనెబుర్గ్ ఉప్పు ల్యూబెక్‌కు వచ్చేది. అక్కణ్ణుంచి ఓడల్లో దక్షిణ స్వీడన్‌లోని స్కోనె తీరానికి వెళ్ళేది. అప్పట్లో ఆ తీరం డెన్మార్క్ కింద ఉండేది. అక్కడ హెర్రింగ్‌కు ఉప్పు పట్టించి పీపాల్లో కుక్కేవాళ్ళు. ఉప్పు రవాణా కోసమే 1398లో స్టెక్‌నిట్స్ కాలువ పూర్తి చేశారు. హన్సా వర్తకుల డబ్బులో పెద్ద వాటా ఈ ఉప్పుచేపదే. తర్వాత ఆ గుంపులు తగ్గిపోయాయి. ఎందుకు తగ్గాయో రకరకాలుగా చెప్తారు. చేతి వలలతో, చెక్క పడవలతో మనిషే సముద్రాన్ని ఖాళీ చేశాడని మాత్రం నేను అనుకోను.

అసలు కథ ఆవిరితో మొదలైంది. 1885లో ఉత్తర సముద్రం ఒడ్డున గీస్టెమ్యుండె అనే ఊళ్ళో ఫ్రీడ్రిష్ బుస్సె అనే చేపల వ్యాపారి 'సగిట్టా' అనే ఆవిరి ఓడను వేటకు దించాడు. జర్మనీకి అదే మొదటి ఆవిరి వేట ఓడ. గాలి కోసం చూడక్కర్లేదు, పెద్ద వలను అడుగు నుంచి ఈడ్చుకుంటూ పోవచ్చు. పట్టింది ఐసులో పెట్టి రైల్లో లోపలి పారిశ్రామిక ఊళ్ళకు పంపొచ్చు. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కూలీలకు చవక తిండి దొరికింది. అందుకే దీన్ని తప్పు అని ఎవరూ అనలేదు. కానీ 1890లు వచ్చేసరికే ఉత్తర సముద్రంలో పెద్ద చేపలు తగ్గుతున్నాయని గోల మొదలైంది.

ఇక్కడ ఒకాయన గురించి చెప్పాలి. హెల్గోలాండ్ దీవిలో 1892లో పెట్టిన పరిశోధనా కేంద్రానికి మొదటి డైరెక్టర్ ఫ్రీడ్రిష్ హైంకె. ఈయన వేలకొద్దీ హెర్రింగ్ చేపల్ని కొలిచి, ఎముకలు లెక్కపెట్టి 1898లో పెద్ద పుస్తకం తెచ్చాడు. హెర్రింగ్ అంతా ఒకటే జాతరలా సముద్రమంతా తిరగదు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో తెగ ఉంది, దేని పుట్టిల్లు దానిదే అని ఆయన తేల్చింది. మనకిది మామూలు మాటలా అనిపిస్తుంది గానీ దీని అర్థం చాలా పెద్దది. ర్యూగెన్ చేప అయిపోతే పక్క నీళ్ళలోంచి వచ్చి నింపేది ఏమీ లేదన్నమాట. 1902లో కోపెన్‌హేగన్‌లో సముద్ర పరిశోధనకు అంతర్జాతీయ మండలి పెట్టినప్పుడు జర్మనీ కూడా మొదటి సభ్యుల్లో ఉంది. ఇప్పటికీ ఏ చేప ఎంత పట్టొచ్చో సలహా ఇచ్చేది ఆ మండలే.

సముద్రానికి విశ్రాంతి ఇస్తే ఏమౌతుందో యుద్ధం చూపించింది. 1914 నుంచి 1918 దాకా ఉత్తర సముద్రంలో మైన్లు, వేట ఓడలు చాలా వరకు నేవీ పనికి పోయాయి. యుద్ధం అయ్యాక వల వేస్తే చేపలు ఎక్కువ, పైగా పెద్దవి. రెండో యుద్ధం తర్వాతా అదే జరిగింది. ఇది తెలిసి కూడా 1950, 60లలో అందరూ ఇంకా పెద్ద ఓడలే కట్టారు. పశ్చిమ జర్మనీ ఓడలు ఐస్‌లాండ్ దాకా పోయాయి, తూర్పు జర్మనీ వాళ్ళ రోస్టాక్ ఓడలు ఆఫ్రికా దాకా పోయాయి. ఉత్తర సముద్రం హెర్రింగ్ మీద చుట్టు వలలు దిగాయి. మన విశాఖ మత్స్యకారులకు ఇవి కొత్త కాదు. 2022 జనవరిలో పడవలు తగలబడేదాకా వెళ్ళిన గొడవ ఈ రింగు వలల మీదే. పట్టిన హెర్రింగ్‌లో బోలెడంత మనుషుల కంచంలోకి కూడా రాలేదు, పొడి చేసి పశువుల మేతకు వాడారు.

1977లో ఉత్తర సముద్రం హెర్రింగ్ వేట ఆపేశారు. అప్పటికి గుడ్లు పెట్టే చేప సుమారు 50 వేల టన్నులకు దిగింది, ఒకప్పుడు అది లక్షల టన్నులు. దాదాపు అదే సమయంలో, 1975లో, ఐస్‌లాండ్ తన ఒడ్డు నుంచి 200 మైళ్ళ దాకా నీళ్ళు తనవే అంది. కుక్స్‌హాఫెన్, బ్రెమర్‌హాఫెన్ ఊళ్ళకు రెండు వైపులా దెబ్బ. కుక్స్‌హాఫెన్ చేపల ఫ్యాక్టరీల్లో 1960ల నుంచి పోర్చుగల్ వాళ్ళు పనిచేస్తున్నారు, మనలాగే కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళు. దూరంగా ఎక్కడో నీళ్ళ మీద గీత గీస్తే ఇక్కడ ఎవరి షిఫ్టు పోతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ నిషేధం పనిచేసింది. 1980లలో ఆ హెర్రింగ్ మళ్ళీ లేచింది.

ఇప్పుడు బాల్టిక్‌కు వద్దాం. సైట్‌లో సిమెంటు స్టాకు రిజిస్టరు రాసినవాళ్ళకు ఇది తొందరగా అర్థమౌతుంది. నిన్నటి నిల్వ ఎంత, ఇవాళ వచ్చింది ఎంత, ఖర్చు ఎంత. పశ్చిమ బాల్టిక్ హెర్రింగ్‌లో కొత్త పిల్లల రాక ఏళ్ళుగా తగ్గుతూ వస్తోంది, ఖర్చు మాత్రం అంత త్వరగా తగ్గలేదు. పరిశోధకులు ఒక అంకె చెప్తే మంత్రులు బ్రస్సెల్స్‌లో రాత్రంతా కూర్చుని దానికన్నా పెద్ద అంకె తేల్చడం చాలాసార్లు జరిగింది. చివరికి అంతర్జాతీయ మండలి అసలు పట్టొద్దంది. 2017లో మొత్తం కోటా సుమారు 28,400 టన్నులు. 2019లో 9,000 టన్నులు. 2022కి 788 టన్నులు, అదీ చాలావరకు 12 మీటర్ల లోపు చిన్న పడవలకే. ఆ కోటాలో సగానికి పైగా జర్మనీ వాటా కాబట్టి దెబ్బ కూడా ఇక్కడే ఎక్కువ.

మరి ఉత్తర సముద్రంలో కోలుకున్నట్టు ఇక్కడ త్వరగా ఎందుకు కోలుకోలేదు? వేట ఒక్కటే కారణం కాదు. చలికాలం వెచ్చబడింది. నీళ్ళు ముందే వేడెక్కేసరికి చేప ముందే వచ్చి గుడ్లు పెడుతోంది. పిల్లలు పొదిగి బయటికొచ్చే సమయానికి వాటి మేత, అంటే కంటికి కనపడనంత చిన్న జీవులు, ఇంకా పుట్టట్లేదు. అవి వెలుతురు లెక్కన పుడతాయి, వేడి లెక్కన కాదు. ఆకలికి పిల్లలు చచ్చిపోతున్నాయి. పొలాల ఎరువులు సముద్రంలోకి కొట్టుకొచ్చి నీళ్ళు మసకబారి, గుడ్లు అంటించే గడ్డి కూడా తగ్గింది. చిన్న పడవ వాళ్ళకు కోపం అక్కడే: "పొలం వాడికి కోటా లేదు, పొగ గొట్టానికి కోటా లేదు, నా వలకే కోటానా?" నా లెక్కలో ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ నిల్వ అట్టడుగున ఉన్నప్పుడు వెంటనే తిప్పగలిగే కుళాయి వల ఒక్కటే, అదీ నిజమే.

రెండు జర్మనీలు కలిసినప్పుడు మెక్లెన్‌బుర్గ్ తీరంలో పూర్తికాలం జాలర్లు వెయ్యికి పైగా. ఇప్పుడు కొన్ని వందలే. 2020లో పడవ తుక్కు చేస్తే పరిహారం ఇచ్చేలా ఐరోపా నిబంధన మార్చారు. తండ్రి తర్వాత కొడుకు అన్న వరస తెగిపోయింది. చేపల బ్రెడ్డు దుకాణాలు మాత్రం మూతపడలేదు, చేప నార్వే నుంచో డెన్మార్క్ నుంచో వస్తుంది. తినేవాడికి తేడా తెలియదు. మన శ్రీకాకుళం జాలర్లు ఒడ్డున బతుకు చాలక గుజరాత్ వెరావల్ బోట్లకు పోయి, 2018లో పాకిస్తాన్ వాళ్ళకు చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు గుర్తుందా? ఇక్కడి జాలరికి కనీసం నిరుద్యోగ భృతి ఉంది, వేరే పని నేర్పించే కోర్సు ఉంది. మనవాడికి రైలు టికెట్టే దిక్కు.

ఒక పని మాట. సెలవు రోజు ఒడ్డున గాలం వేద్దామనుకునే తమ్ముళ్ళు లైసెన్సు లేకుండా వెయ్యొద్దు, ఇక్కడ అది నేరం, కేసు పెడతారు. రాష్ట్రాన్ని బట్టి రూల్సు మారతాయి, మునిసిపల్ ఆఫీసులో అడగండి. కాడ్ చేపకు 2017లో మనిషికి రోజుకు 5 అని పరిమితి పెట్టారు, 2022లో ఒకటికి తెచ్చారు, 2024 నుంచి పశ్చిమ బాల్టిక్‌లో అదీ లేదు. పొరపాటున పడితే బతికుండగానే నీళ్ళలో వదిలేయండి. ఐస్‌లాండ్ 200 మైళ్ళ గొడవ మీద విడిగా ఎపిసోడ్ చేద్దామనుకుంటున్నాం. బ్రెమర్‌హాఫెన్ వైపు పనిచేసేవాళ్ళుంటే మెసేజ్ పెట్టండి.