సోమనాథ్ హోర్: గాయాన్ని కాగితంపై నిలిపిన కళాకారుడు

కోల్‌కతా: భారతీయ ముద్రణ చిత్రకళ (ప్రింట్ మేకింగ్)కు ఆధునిక రూపమిచ్చిన వారిలో సోమనాథ్ హోర్ (1921–2006) అగ్రగణ్యులు. చిత్రకారుడిగా, శిల్పిగా, రచయితగా ఆయన జీవితాంతం చిత్రించిన వస్తువు ఒక్కటే: ఆకలి, హింస మనిషి దేహంపై మిగిల్చే గాయం.

క్షామమే తొలి పాఠశాల

ప్రస్తుత బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ జిల్లా బరామా గ్రామంలో హోర్ జన్మించారు. 1943 నాటి బెంగాల్ క్షామంలో లక్షలాది మంది మరణించారు. ఆ సమయంలో చిత్రకారుడు చిత్తప్రసాద్ ప్రోత్సాహంతో బాధితులను ప్రత్యక్షంగా చూసి బొమ్మలు గీయడం అలవరచుకున్నారు. అవి కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘జనయుద్ధ’లో వెలువడ్డాయి. అనంతరం కలకత్తా ప్రభుత్వ కళాశాలలో జైనుల్ అబేదిన్ వద్ద చిత్రకళను, సఫీయుద్దీన్ అహ్మద్ వద్ద ముద్రణకళను అభ్యసించారు.

తేభాగా దినచర్య

కౌలు రైతులు పంటలో సగం భూస్వామికి ఇచ్చే పద్ధతిని ఎదిరించి, మూడింట రెండు వంతులు తమకే దక్కాలని కోరిన ఉద్యమమే ‘తేభాగా’. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం సాగిన కాలమే అది. 1946 చివర్లో హోర్ రంగపూర్ పల్లెలకు వెళ్లి, రైతుల మధ్య ఉంటూ చూసినది రాశారు, గీశారు. ఆ దినచర్య తరువాత పుస్తకంగా వచ్చింది. కోల్‌కతాకు చెందిన సీగల్ బుక్స్ దాని ఆంగ్లానువాదాన్ని ప్రచురించింది. సభలు, రాత్రి సమావేశాలు, సామాన్య రైతుల ముఖాలను నమోదు చేసిన ఈ రచన ఉద్యమ చరిత్రకు ప్రత్యక్ష సాక్ష్యంగా నిలిచింది.

సిరా లేని ముద్రణ

కోల్‌కతా, ఢిల్లీలలో బోధించిన అనంతరం హోర్ శాంతినికేతన్ కళాభవన్‌లో గ్రాఫిక్స్ విభాగానికి నేతృత్వం వహించారు. 1970వ దశకంలో ‘గాయాలు’ చిత్రమాలికతో కొత్త పద్ధతికి నాంది పలికారు. మట్టి పలకపై కత్తితో కోతలు పెట్టి, దాని నుంచి సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జును అదిమి ఆరబెట్టేవారు. తెల్లని కాగితంపై ఉబ్బులు, చీలికలే చిత్రంగా మిగిలేవి. మనుషుల బొమ్మ లేకున్నా చూపరికి చర్మంపై గాయమే స్ఫురిస్తుంది.

ఇదే కాలంలో కంచు శిల్పాలూ రూపొందించారు. వియత్నాం ప్రజల పోరాటానికి నివాళిగా మలచిన ‘తల్లీబిడ్డ’ శిల్పం 1977లో కళాభవన్ నుంచి అపహరణకు గురైంది.

గుర్తింపు

లలిత కళా అకాడమీ జాతీయ పురస్కారాలు పొందిన హోర్ 2006 అక్టోబర్ 1న శాంతినికేతన్‌లో కన్నుమూశారు. 2007లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించింది. ఆయన భార్య రేబా, కుమార్తె చందన కూడా చిత్రకారులే.