మౌలాలి పారిశ్రామిక ప్రాంతం: సంస్థల మధ్య ఆన్‌లైన్ వ్యాపారం

హైదరాబాద్‌లోని మౌలాలి, నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో సంస్థల మధ్య కొనుగోళ్లు ఆన్‌లైన్‌కు మళ్లడానికి అసలు కారణం ఫోన్లు చవకవడం కాదు, పెద్ద కొనుగోలుదారుల ఒత్తిడి. ఈసీఐఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, రైల్వే లోకో షెడ్ ఇక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి, అన్నీ ప్రభుత్వానివే. 2016 ఆగస్టులో ప్రభుత్వ కొనుగోళ్ల కోసం జెమ్ పోర్టల్ మొదలైంది. అందులో దొరికే సరుకును కేంద్ర ప్రభుత్వ శాఖలు అక్కడే కొనాలని 2017 ఆర్థిక నియమావళి తప్పనిసరి చేసింది. రైల్వేకు సొంత ఈ-టెండర్ పోర్టల్ ఉంది.

లేత్ షాపులకు పని ఇప్పటికీ ఫోన్‌లోనే, వాట్సాప్‌లో వచ్చిన డ్రాయింగ్ మీదే కుదురుతుందనే అభ్యంతరం ఉంది. నిజమే, కానీ బేరం ఎక్కడ తెగినా లెక్క పోర్టల్ దాటి పోదు: 2018 నుంచి 50,000 రూపాయలు మించిన సరుకు ట్రాలీ ఆటో ఎక్కాలంటే సాధారణంగా ఈ-వే బిల్లు కావాలి, 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవరు దాటిన సంస్థ మరో సంస్థకిచ్చే ఇన్‌వాయిస్ మీద క్యూఆర్ కోడ్ ఉండాలి. తక్కువ ధర కోట్ చేసినవారికే ఆర్డరు దక్కితే పనితనం చస్తుందన్న వాదన ఇంతకంటే బరువైనది. మైక్రాన్ల లెక్కన తిప్పిన బుష్‌కూ మోటు పనికీ తెరమీద ఒకటే వరుస. అయితే ఆ జబ్బు సీల్డ్ కవర్ల కాలం నాటిదే. చిన్న యజమానిని ఇంకా వేధిస్తున్నది బిల్లు సొమ్ము. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం చెల్లింపునకు పెట్టిన 45 రోజుల గడువును ఏ పోర్టలూ తనంతట తాను అమలు చేయలేదు.